చక్కెర లేని తీపి పొడి కలిపే ముందు జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండలలో ఇంట్లోనే బాదం పిండితో కేకు చేసుకునేవారు ఎరిత్రిటాల్ (చక్కెరకు బదులు వాడే పలుకుల్లాంటి తీపి పదార్థం)లో స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి సారం) కలిపి తీపి పొడి తయారు చేసుకోదలిస్తే, మొదట ప్యాకెట్ వెనుక ఉన్న పదార్థాల వివరాలను పూర్తిగా చదవాలి. స్టీవియా పేరుతో అమ్మే కొన్ని పొడులలో రక్తంలో చక్కెరను పెంచే మాల్టోడెక్స్ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి) కలిసి ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ తూకం మీద పెట్టాలి. ఎరిత్రిటాల్ తీపి చక్కెర తీపిలో సుమారు 70 శాతమే ఉంటుంది, శుద్ధి చేసిన స్టీవియా సారం మాత్రం చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది కనుక, పొడికి చక్కెరంత తీపి రావడానికి 500 గ్రాముల ఎరిత్రిటాల్‌కు దాదాపు 0.6 గ్రాముల సారం సరిపోతుంది. ఇంత కొద్ది మొత్తాన్ని చెంచాతో అంచనా వేయడం సరికాదు, 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు తప్పనిసరి, ఎందుకంటే సారం కాస్త ఎక్కువైనా కేకు చేదెక్కుతుంది. సారాన్ని ముందుగా గుప్పెడు ఎరిత్రిటాల్‌లో బాగా కలిపి, ఆ తరువాతే మిగతాది కొద్దికొద్దిగా చేర్చాలి.

ఈ మిశ్రమాన్ని మెత్తగా పట్టే మిక్సీ గిన్నెలో తడి ఉండకూడదు, పట్టాక లేచిన పొడి అణిగేవరకు మూత తీయకూడదు. వానాకాలంలో గడ్డకట్టకుండా గాలి చొరబడని సీసాలో దాచి, పైన పేరు రాసి పెట్టాలి.

ఇంట్లో కుక్క ఉంటే, ఎరిత్రిటాల్‌కు బదులుగా జైలిటాల్ అనే మరో తీపి పదార్థాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు. అది కుక్కలకు ప్రాణాంతకం.

ఎరిత్రిటాల్‌కూ గుండెపోటుకూ సంబంధం ఉండవచ్చని 2023లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. అదే కారణమని రుజువు కాకపోయినా, గుండె జబ్బు ఉన్నవారూ మధుమేహానికి మందులు వాడేవారూ ముందుగా వైద్యుని సంప్రదించాలి. అరిసెల పాకానికి మాత్రం ఈ పొడి పనికిరాదు. చల్లారగానే పలుకులు కడుతుంది.