పైథాన్ యాప్‌కి ప్రొమీథియస్ మెట్రిక్స్ పెట్టడం ఎలా? లేబుల్ దగ్గర మాత్రం చెయ్యి ఆపండి

ప్రొమీథియస్ అంటే యాప్‌లు చూపించే లెక్కల్ని (మెట్రిక్స్) ఎప్పటికప్పుడు వచ్చి చదివి దాచుకునే సర్వర్; అలర్ట్‌లు మోగేదీ ఆ లెక్కల మీదే.

కావాల్సినవి: పైథాన్ 3, నడుస్తున్న యాప్ ఒకటి, పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకునే ప్రొమీథియస్ క్లయింట్ లైబ్రరీ. ప్రొమీథియస్ సర్వర్ ఇప్పటికే ఎక్కడో 9090 పోర్టులో నడుస్తోందనుకుంటాను. అంతే. దీనికోసం గంటసేపు వీడియో చూడక్కర్లేదు.

మొదటి అడుగు: యాప్ మొదలయ్యే చోట లైబ్రరీలోని స్టార్ట్ హెచ్‌టీటీపీ సర్వర్ ఫంక్షన్‌ని 8000 పోర్టుతో కాల్ చేయండి. బ్రౌజర్‌లో /మెట్రిక్స్ పేజీ తెరిస్తే లెక్కలన్నీ వరసగా కనిపిస్తాయి. ఆ చిరునామాని ప్రొమీథియస్ కాన్ఫిగ్‌లో రాసి, 15 సెకన్లకోసారి వచ్చి చదువుకోమనండి. ఏమీ చెప్పకపోతే నిమిషానికోసారే వస్తుంది. అది నాకు చాలదు, మీకూ చాలదు.

రెండో అడుగు: మెట్రిక్ రకం ఎంచుకోండి. పెరగడమే తప్ప తగ్గనిది కౌంటర్: వచ్చిన ఆర్డర్లు, పడ్డ ఎర్రర్లు. పెరిగి తగ్గేది గేజ్: క్యూలో ఇప్పుడెన్ని ఉన్నాయి. ఎంతసేపు పట్టిందో చూడాలంటే హిస్టోగ్రామ్. సమ్మరీ అని నాలుగోది ఉంది, దాని జోలికి పోవద్దు. పైథాన్ లైబ్రరీలో అది మొత్తం (సమ్), ఎన్నిసార్లన్న లెక్క (కౌంట్) తప్ప పర్సంటైల్స్ (నూటికి 95 రిక్వెస్ట్‌లు ఎంతలోపు అయ్యాయి లాంటివి) ఇవ్వదు. టైమ్ ఎప్పుడూ సెకన్లలోనే పెట్టండి. హిస్టోగ్రామ్ డిఫాల్ట్ బకెట్లు (టైమ్‌ని విడగొట్టే గళ్లు) 0.005 నుంచి 10 సెకన్ల దాకా ఉంటాయి, ఆ పైవన్నిటికీ చివర్లో ఒకటి. మిల్లీసెకన్లు పోస్తే దాదాపు అన్నీ పోయి చివరి బకెట్‌లో పడతాయి. అలాంటి కోడ్ రివ్యూకి వస్తే చదవకుండానే తిప్పి పంపేస్తాను.

"ఈ వచ్చి చదువుకోవడమెందుకు, యాప్ నుంచే పంపేస్తే పోలా" అని ప్రతి టీమ్‌లో ఒకరు అంటారు. 2011లో ఎట్సీ అనే ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ బయటపెట్టిన స్టాట్స్‌డీకి యాప్‌లు అలాగే పంపిస్తాయి, అదీ యూడీపీలో: చేరిందో లేదో చూసుకోని పద్ధతి. ప్యాకెట్ దారిలో పోతే అడిగే నాథుడు లేడు. ప్రొమీథియస్‌ని 2012లో సౌండ్‌క్లౌడ్ అనే మ్యూజిక్ కంపెనీలో మొదలుపెట్టినవాళ్లు గూగుల్ నుంచి వచ్చినవాళ్లు, అక్కడి సొంత మానిటరింగ్ సిస్టమ్ బోర్గ్‌మాన్ పద్ధతి ఎరిగినవాళ్లు. ఇందులో సర్వరే వచ్చి అడుగుతుంది. యాప్ పలక్కపోతే 'అప్' అనే మెట్రిక్ 0 అయిపోతుంది. పలకలేదన్న సంగతీ మీకు లెక్కలోకి వస్తుంది.

మూడో అడుగు: లేబుళ్లు. ఇక్కడే అందరూ బోర్లా పడతారు. నేనూ పడ్డాను.

లేబుల్ అంటే ఒకే కౌంటర్‌ని ముక్కలు చేసి చూడటం: ఏ మెథడ్, ఏ స్టేటస్, ఏ రూట్. అయితే ఈ విలువల ప్రతి కలయికకీ సర్వర్‌లో ఒక కొత్త సిరీస్ (విడిగా దాచుకునే లెక్కల వరస) పుడుతుంది. 3 మెథడ్‌లు, 6 స్టేటస్‌లు, 20 రూట్‌లు: గరిష్ఠంగా 360. హిస్టోగ్రామ్ అయితే ఒక్కోదానికి 15 బకెట్లు, పైన మొత్తం, లెక్క: అంటే కనీసం ఇంటూ 17, 6,120. ఇంతవరకూ ఫరవాలేదు. ఇప్పుడు యూజర్ ఐడీ లేబుల్ కలపండి. 10,000 మంది యూజర్లుంటే 6 కోట్లు దాటుతుంది. కూడిక కాదు, గుణకారం. కోడ్‌లో మారింది ఒక్క లైనే.

మా టీమ్‌లో ఒక కుర్రాడు "అన్నా, ఆర్డర్ ఐడీ ఒక్కటే కదా, పెట్టేద్దాం" అన్నాడు. శుక్రవారం సాయంత్రం, నేనూ సరే అన్నాను. రాత్రికి ప్రొమీథియస్ ర్యామ్ నిండి పడిపోయింది. రీస్టార్ట్ చేశాం, మళ్లీ పడింది. లేవగానే అది డిస్క్ మీదున్న రైట్ అహెడ్ లాగ్‌ని (పడిపోతే పోకుండా ముందే రాసిపెట్టుకునే ఫైళ్లని) మొదటినుంచీ చదువుకుంటుంది, అందులో ఉన్నవీ ఆ సిరీస్‌లే మరి. ర్యామ్ పెంచితే గానీ లేవలేదు. ఆ రాత్రంతా అలర్ట్‌లు లేవు, అంటే యాప్‌కి ఏమైనా మాకు తెలిసేది కాదు.

యూజర్ ఐడీ, ఆర్డర్ ఐడీ, ఈమెయిల్, ఫోన్ నంబర్, ఎర్రర్ మెసేజ్ పూర్తి పాఠం: ఇవేవీ లేబుల్‌లో పెట్టకండి. "48213 ఆర్డర్ ఎందుకు ఫెయిలైంది" అన్నది ఒక ఈవెంట్, దాన్ని లాగ్‌లో రాయండి. "ఐదు నిమిషాల్లో ఎన్ని ఫెయిలయ్యాయి" అన్నది మాత్రమే ఇక్కడికి రావాలి.

యూఆర్ఎల్ ఇంకా మోసం. /ఆర్డర్స్/48213 అని ఉన్నదున్నట్టు పెడితే ఆర్డర్ ఐడీ దొడ్డిదారిన వచ్చినట్టే. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే రూట్ నమూనానే (/ఆర్డర్స్/<ఐడీ> లాంటిది) పెట్టండి. ఏ రూట్‌కీ తగలని రిక్వెస్ట్‌లన్నిటికీ 'తెలియనిది' అని ఒకే విలువ ఇవ్వండి. మీ యాప్‌లో వర్డ్‌ప్రెస్ లేకపోయినా దాని లాగిన్ పేజీ కోసం తలుపు తట్టే బాట్‌లు రోజంతా వస్తూనే ఉంటాయి. తట్టిన ప్రతి తలుపుకీ ఒక సిరీస్ పుట్టించకండి.

ఇంకోటి, ఇది సీనియర్లకూ తెలీదు. లేబుల్ ఉన్న కౌంటర్ మొదటిసారి వాడేదాకా /మెట్రిక్స్‌లో కనిపించదు. మొదటి ఎర్రర్‌తో నేరుగా 1గా పుడుతుంది. 0 నుంచి 1కి పెరిగినట్టు ప్రొమీథియస్‌కి తెలీదు కాబట్టి పెరుగుదల 0 అనే చూపిస్తుంది, అలర్ట్ మోగదు. అందుకే యాప్ మొదలవగానే తెలిసిన లేబుల్ విలువలన్నిటితో ఒకసారి లేబుల్స్ ఫంక్షన్‌ని కాల్ చేసి, అన్నిటినీ 0 దగ్గర నిలబెట్టండి.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు పెడతారు. సర్వర్ వచ్చి చదువుకోవడాన్నే స్క్రేప్ అంటారు; ఆ స్క్రేప్ కాన్ఫిగ్‌లో శాంపిల్ లిమిట్ (ఒక్కసారికి ఎన్ని లెక్కలు తీసుకోవచ్చన్న హద్దు) పెట్టండి. అది దాటితే ఆ స్క్రేప్ మొత్తం ఫెయిలవుతుంది, సర్వర్ మాత్రం బతుకుతుంది. వారానికోసారి ప్రొమీథియస్ స్టేటస్ మెనూలో టీఎస్‌డీబీ (సిరీస్‌లు దాచే డేటాబేస్) పేజీ తెరవండి, ఏ మెట్రిక్ ఎన్ని సిరీస్‌లు తింటోందో పేర్లతో సహా ఉంటుంది.

నాలుగో అడుగు, గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వర్) వాడేవాళ్లకే. నాలుగు వర్కర్లుంటే (ఒకే యాప్‌ని నడిపే వేరువేరు ప్రాసెస్‌లు) నాలుగు వేరువేరు లెక్కలు. యాప్‌లోనే /మెట్రిక్స్ రూట్ మామూలుగా పెడితే, ఏ వర్కర్ పలికితే దాని లెక్కే వస్తుంది: ఒకసారి 310, తర్వాత 95, ఆ తర్వాత 402. మొదటి అడుగులోని సర్వర్ తీసేసి, యాప్‌లోనే /మెట్రిక్స్ రూట్ రాసి, అందులో వర్కర్లందరి లెక్కలూ కలిపి ఇచ్చే మల్టీప్రాసెస్ కలెక్టర్ వాడండి. ప్రొమీథియస్ మల్టీప్రాక్ డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఒక ఖాళీ ఫోల్డర్ చూపించండి. గునికార్న్ లేచే ప్రతిసారీ స్టార్టప్ స్క్రిప్ట్‌లోనే ఆ ఫోల్డర్ ఖాళీ చేయండి, లేకపోతే నిన్న చచ్చిన వర్కర్ల లెక్కలు కూడా ఇవాళ్టి మొత్తంలో కలుస్తాయి.