ఇంప్లాంట్‌కి పాచి పడితే పుక్కిలిస్తే పోదు, రుద్దాల్సిందే

ఇంప్లాంట్ అంటే పోయిన పంటి బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని మీద పంటి ఆకారంలో క్యాప్ పెడతారు. అది పెట్టించుకున్నాక చాలామంది చేసే తప్పే నేనూ చేశాను. టైటానియం కదా, పుచ్చిపోయేది కాదు కదా, ఇంక దాని సంగతి చూసుకోనక్కర్లేదు అనుకున్నా. పుచ్చదు, నిజమే. కానీ పాచికి పన్నయినా టైటానియమైనా ఒకటే. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి క్యాప్ కింద ఫ్లాస్ లాగితే దారం లేత ఎరుపుగా వచ్చింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన. నొప్పి మాత్రం కొంచెం కూడా లేదు, మోసమంతా అక్కడే ఉంది.

మామూలు పంటికైతే చిగురులోని నారపోగులు అడ్డంగా వెళ్ళి వేరులో పాతుకుని ఉంటాయి, ఇంప్లాంట్‌కి అలా పాతుకోవు, చుట్టూ ఆనుకుని ఉంటాయంతే. అందుకే బ్యాక్టీరియా లోపలికి దిగడం తేలిక. పైగా ఎముక గట్టిగా పట్టుకోవాలని స్క్రూ ఉపరితలాన్ని కావాలనే గరుకుగా చేస్తారు, ఎముక కరిగి ఆ మరలు బయటపడ్డాయంటే అదే గరుకుదనం పాచికి గూడు అవుతుంది. స్క్రూకీ, దాని మీద బిగించే అబట్‌మెంట్‌కీ (క్యాప్‌ని మోసే ముక్క) మధ్య కొన్ని మైక్రాన్ల సందు ఉంటుంది, బ్యాక్టీరియా సైజు సుమారు 1 మైక్రాన్, ఇంక చెప్పేదేముంది.

ఇంట్లో చేయాల్సింది ఇదీ. మెత్తటి బ్రష్‌ని చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి చిన్న చిన్నగా కదపండి, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం మానొద్దు. తర్వాత ఇంటర్‌డెంటల్ బ్రష్, అంటే పళ్ళ సందుల్లో దూర్చే చిన్న బ్రష్: మధ్యలో తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనండి, సందులో కొంచెం బిగుతుగా వెళ్ళాలి కానీ తోసి ఇరికించకూడదు, బుగ్గ వైపు నుంచీ నాలుక వైపు నుంచీ కూడా ఆడించాలి. స్పాంజిలా ఉబ్బుగా ఉండే ఫ్లాస్‌ని క్యాప్ మెడ చుట్టూ తిప్పి, బూటు తుడిచినట్టు అటూ ఇటూ లాగండి. ఒక జాగ్రత్త: మరలు బయటపడి ఉంటే ఫ్లాస్ వాడకండి, పోగులు తెగి అక్కడే ఇరుక్కుని అవే చిగురు వాపుకి కారణమవుతాయి. నీటి ధారతో సందులు కడిగే వాటర్ ఫ్లాసర్ ఉంటే మంచిదే, కానీ అది రుద్దడానికి బదులు కాదు. పిన్నీసులూ, బొగ్గు పేస్టులూ, నిమ్మరసం చిట్కాలూ పక్కన పెట్టేయండి.

మౌత్‌వాష్ సంగతి. నీళ్ళ తొట్టికి పాకుడు పట్టినప్పుడు బ్లీచింగ్ చల్లి వదిలేస్తే పోతుందా? పైపైన తెల్లబడుతుంది, వేలు పెడితే జారుడు అలాగే ఉంటుంది. పాచి కూడా అంతే, జిగురు పొరలో దాక్కున్న బ్యాక్టీరియా దాకా మందు పూర్తిగా వెళ్ళదు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మౌత్‌వాష్ డాక్టర్ రాస్తే చెప్పినన్నాళ్ళే వాడండి, ఎక్కువ కాలం వాడితే పళ్ళకి గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి కూడా మారుతుంది. పేస్ట్‌తో తోముకున్న వెంటనే దాంతో పుక్కిలించకుండా అరగంట ఆగండి, పేస్ట్‌లోని నురగ పదార్థం మందు బలాన్ని తగ్గిస్తుంది.

రక్తం కనబడితే క్లినిక్‌కి వెళ్ళాల్సిందే. చిగురు వాపు వరకే ఉంటే శుభ్రం చేయించుకుంటే తిరిగి మామూలు అవుతుంది. ఎముక కరగడం మొదలైతే అది పెరి ఇంప్లాంటైటిస్, కథ వేరు. అందుకే క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే దాచుకోండి, ఇవాళ్టి దానితో పోల్చడానికి అదొక్కటే ఆధారం. దేనితో క్లీన్ చేస్తారని మొహమాటపడకుండా అడగండి: మామూలు స్టీల్ పనిముట్లు టైటానియం మీద గీతలు పెడతాయి, అందుకే ప్లాస్టిక్, కార్బన్ లేదా టైటానియం మొనలు వాడతారు, గ్లైసిన్ లేదా ఎరిత్రిటాల్ పొడిని గాలితో చిమ్మే పద్ధతీ ఉంది. లోతుగా దిగిపోతే చిగురు తెరిచి, టైటానియం బ్రష్‌తో మరల్ని తోమి, సెలైన్‌తో కడుగుతారు. కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్, సిట్రిక్ యాసిడ్, లేజర్ కూడా వాడతారు. వీటిలో ఏదీ స్క్రూని డబ్బాలోంచి తీసినప్పుడున్నంత శుభ్రంగా చేయలేదు, ఎవరైనా "నూటికి నూరు శాతం స్టెరైల్ చేసేస్తాం" అంటే నేనైతే నమ్మను. యాంటీబయాటిక్ మాత్రలు మింగి ఊరుకుంటే కూడా పని జరగదు. క్యాప్ అంటించిన సిమెంట్ చిగురు కింద మిగిలిపోయిందేమో చూడమనండి, చాలా సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

పొగతాగే అలవాటు, అదుపులో లేని షుగర్, గతంలో చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు 3 నెలలకోసారి, మిగతావాళ్ళు కనీసం 6 నెలలకోసారి చూపించుకోండి.

నాది వాపు దగ్గరే దొరికింది, బాగా క్లీన్ చేయించుకుని ఇంటర్‌డెంటల్ బ్రష్ మొదలుపెట్టాక కొన్ని వారాలకి రక్తం ఆగింది. ఒకవేళ మీది కదులుతున్నట్టు అనిపిస్తే వేలితో ఊపి చూస్తూ కూర్చోకండి, క్యాప్ స్క్రూ వదులైతే బిగిస్తే సరిపోతుంది, ఇంప్లాంటే కదులుతుంటే తీసేయడం తప్ప దారి లేదు, ఆ రెండింట్లో ఏదో డాక్టరే తేల్చాలి.