నలుపు తెలుపు రీలు – పాఠం 4: చవకలో ఏది కొనాలి?

పోయిన పాఠంలో వెలుగు కొలిచే మీటరు లేకుండా, ఎండను చూసి ఎక్స్‌పోజర్ (రీలు మీద ఎంత వెలుగు పడనివ్వాలో) లెక్కకట్టడం నేర్చుకున్నాం. ఇక కెమెరాలో వేసే ఫిల్మ్ రీలు కొనాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పది వీడియోలు చూసి, ఎటూ తేల్చుకోలేక, చివరికి దొరికిన రకాలన్నీ తలా ఒకటి తెప్పించుకుంటారు. అన్నీ వాడేశాక కూడా తప్పు రీలుదో, కెమెరాదో, కడిగినవాడిదో (డెవలప్ చేసినవాడిదో) తేలదు. అందుకని ముందే చెబుతున్నా: ఒక్క రకం ఎంచుకోండి, ఐదు రీళ్లు ఒకేసారి తెప్పించుకోండి, అవి అయ్యేదాకా ఇంకోటి ముట్టుకోవద్దు. ఏ రకమన్నదే ఈ పాఠం.

ముందు ఖర్చు సంగతి. రీలు మీద వేసిన ధర అసలు ధర కాదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బజారుకెళ్లి నలుపు తెలుపు రీలు అడిగి తెచ్చుకునే రోజులు పోయాయి. హైదరాబాద్, చెన్నై, ముంబై దుకాణాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. రీలు ధరకి కొరియరు, కడగడానికి కెమికల్స్, స్కానింగ్ ఖర్చు కలపండి. వచ్చిన మొత్తాన్ని రీల్లో ఉండే 36 ఫ్రేములతో కాదు, పనికొచ్చిన ఫ్రేములతో భాగించండి. చవక రీల్లో పన్నెండే దక్కితే అది ఖరీదైన రీలు కిందే లెక్క. ఒకేసారి ఐదు కొనమన్నది కొరియరు ఖర్చు పంచుకోడానికి కూడా.

ఆర్డరు పెట్టేముందు ఇంకో ప్రశ్న: కడిగేదెవరు? కలర్ రీళ్లు కడిగే ల్యాబులు వాడేది సీ-41 పద్ధతి. మామూలు నలుపు తెలుపు రీలు పొరపాటున ఆ మెషీన్లో పడిందా, బొమ్మ మిగలదు. నలుపు తెలుపులో బొమ్మంటే వెండే. సీ-41లో బ్లీచు, ఫిక్సరు కలిసి ఆ వెండినంతా ఊడ్చేస్తాయి. ఖాళీ ప్లాస్టిక్ పట్టీ చేతికొస్తుంది. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ మాత్రం కలర్ కెమికల్లోనే కడిగేలా చేసిన నలుపు తెలుపు రీలు, అది వేరే కథ. ధరలో అది చవక కాదు. ఇంట్లో కడగడం ఎలాగూ వచ్చే పాఠంలో నేర్చుకుంటాం కాబట్టి దాని జోలికి పోవట్లేదు.

ఇప్పుడు చవక రకాల్లో నమ్మదగ్గవి రెండు కంపెనీల నుంచి వస్తాయి. ఒకటి ఇంగ్లండులో ఇల్ఫర్డ్ రీళ్లు చేసే హార్మన్ కంపెనీ. అదే ఫ్యాక్టరీ నుంచి కెంట్‌మేర్ పేరుతో 100, 400 వస్తున్నాయి, 2025లో 200 కూడా కలిసింది. ఈ అంకెలు రీలు వేగం (ఐఎస్ఓ): అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు. రెండోది చెక్ దేశంలో హ్రాదెట్స్ క్రాలొవె ఊళ్లోని ఫోమా, 1921 నాటి కంపెనీ. ఫోమాపాన్ 100, 200, 400 వీళ్లవి. మిగతా చవక పేర్లలో చాలావరకు ఎవరిదో సరుకుకి ఇంకొకరు అట్టపెట్టె మార్చి అమ్మేవే. పెట్టె బొమ్మ చూసి మోజుపడకండి.

ఫోమా 100 మంచి రీలే, నాకిష్టం కూడా. ఫోమా 400 దగ్గరే పేచీ. పెట్టె మీద 400 అని ఉన్నా, మామూలు డెవలపర్లో (బొమ్మను బయటికి తెచ్చే కెమికల్లో) దాని అసలు వేగం 200, 250 దగ్గర తేలుతుంది. పెట్టెను నమ్మి 400 పెట్టి తీస్తే నీడలన్నీ బొగ్గయిపోతాయి. ఇంకోటి, రాత్రిపూట. విజయనగరం గంటస్తంభం దగ్గర ట్రైపాడ్ వేసి దీపాల వెలుగులో తీద్దామనుకుంటే, మీటరు 10 సెకన్లు చూపించినప్పుడు ఫోమాపాన్‌కి 80 సెకన్లు ఇమ్మంటుంది కంపెనీ సొంత పట్టిక. ఎనిమిది రెట్లు! ఈలోగా ఎన్ని ఆటోలు అడ్డొస్తాయో మీకే తెలుసు.

అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది కెంట్‌మేర్ 400. ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగు పడ్డా ఓర్చుకుంటుంది. ఇంట్లో కిటికీ పక్కన తీయొచ్చు, సాయంత్రం నాగావళి ఒడ్డున తీయొచ్చు.

మరి మన ఎండకి 400 ఎక్కువ కాదా? అవుతుంది. కళింగపట్నం బీచ్‌లో పదకొండు గంటల ఎండకి పోయిన పాఠం లెక్క వేయండి: ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్16 దగ్గర ఉంటే షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 1/500 వంతు. యాషికా ఎలక్ట్రో లాంటి పాత కెమెరాల్లో అంతకు మించి షట్టరే లేదు. అంటే ఎపర్చర్ తెరవడానికి దారి మూసుకుపోయినట్టే, వెనకనున్న పడవల్ని మసక చేద్దామన్నా కుదరదు. దీనికి రెండు ఉపాయాలు. పసుపు ఫిల్టర్ తగిలిస్తే ఒక స్టాపు వెలుగు అదే తినేస్తుంది, పైగా నీలాకాశం కాస్త ముదిరి మబ్బులు విడిగా కనిపిస్తాయి. లేదంటే అదే రీలును 200 అనుకుని తీసి, కడిగేటప్పుడు డెవలపర్లో ఉంచే సమయం తగ్గించొచ్చు. నిట్టనిలువు ఎండలో నీడకీ వెలుగుకీ ఉన్న తేడా కూడా దీంతో మెత్తబడుతుంది. రెండూ కలిపితే 1/500 దగ్గర ఎఫ్8 దాకా తెరుచుకోవచ్చు. ఒక్కటే షరతు: 200 అనుకుంటే రీలు మొత్తం 200గానే తీయాలి. సగం అలా, సగం ఇలా తీస్తే కడిగేటప్పుడు ఏ సగాన్నో వదులుకోవాల్సిందే. ఎప్పుడూ ఆరుబయటే తీస్తాం, ఇంట్లో తీసే పనే లేదు అనేవాళ్లు నిశ్చింతగా 100 తీసుకోండి, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) కూడా సన్నగా ఉంటుంది.

ఇంకా చవకగా దొరికేవాటి సంగతి రెండు ముక్కల్లో. పాత స్టూడియో బీరువాల్లో ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు రీళ్లు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. దాచుకోండి, ముచ్చటపడండి, చెల్లెలి పెళ్లికి మాత్రం వాడకండి. మన వేడికి, ఉక్కకి గడువు దాటిన రీలు మీద పొగ పట్టినట్టు మసక కమ్ముతుంది, వేగమూ పడిపోతుంది. సినిమా రీలు కొడాక్ డబుల్-ఎక్స్‌ను చిన్న డబ్బాల్లోకి చుట్టి అమ్ముతారు. 1959 నుంచి ఉన్న రకం, పగటి వెలుగులో 250. బొమ్మ బాగుంటుంది, కానీ ఆ డబ్బా మీద డీఎక్స్ కోడ్ (కెమెరాకి రీలు వేగం చెప్పే గుర్తు) లేకపోతే ఆటోమేటిక్ కెమెరాలు దాన్ని చాలావరకు 100 అనుకుంటాయి. రోలై రెట్రో 80ఎస్, 400ఎస్ లాంటివి పాలిస్టర్ బేస్ మీద వస్తాయి. బయటికొచ్చిన కొస నుంచి వెలుగు లోపలికి పాకి మొదటి ఫ్రేములు పాడవుతాయి, కాబట్టి ఎండలో నిలబడి ఎక్కించకూడదు. ఆర్థో రీళ్లకి ఎరుపు కనపడదు. నుదుట కుంకుమ బొట్టు నల్లగా పడుతుంది. సరదాకి బాగుంటుంది కానీ అత్తగారి ఫోటో అలా తీస్తే ఊరుకోరు.

100 అడుగుల చుట్ట కొని, లోడర్‌తో డబ్బాల్లోకి మనమే చుట్టుకుంటే సుమారు 18 రీళ్లొస్తాయి. అది నిజంగా చవక. చేయి తిరిగాక, ఇదే నా రీలు అని తేలాక ఆలోచించండి. ఇప్పుడే వద్దు.

కొన్న రీళ్లు ఎక్కడ పెట్టాలి? బీరువాలో కాదు, ఫ్రిజ్‌లో. గట్టిగా మూతపడే డబ్బాలో పెట్టి కింది అరలో ఉంచండి. తీసిన వెంటనే మూత తెరవొద్దు. బయటి ఉక్కకి చల్లటి రీలు మీద చెమ్మ పడుతుంది. గంటసేపు బయట ఉంచి అప్పుడు విప్పండి. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్లు పెట్టకపోతే మంచిది, కొరియర్ వ్యాన్‌లో ఆ పార్శిల్ ఎన్నాళ్లు ఉడుకుతుందో మన చేతిలో ఉండదు.

ఇక ఇంటిపని. రీలు వేగం పెట్టె చెప్పినంత ఉందో లేదో మీ కెమెరాతో మీరే తేల్చుకోవాలి. దానికి పొందూరు కంటే మంచి చోటు నాకు తోచలేదు. ఖద్దరు వడికే ఇళ్లలో అరుగు నీడ, వెనక చీకటి గది, మధ్యలో తెల్లటి బట్ట: నలుపు తెలుపు రీలుకి పెట్టాల్సిన పరీక్షంతా ఒక్క ఫ్రేములో ఉంటుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతున్న పెద్దమ్మ చేతుల్ని దగ్గర నుంచి చూడండి. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి పోగులు విడివిడిగా వస్తుంటాయి. తెలుపు మీద తెలుపు. "పెద్దమ్మా, నాలుగు ఫోటోలు తీసుకుంటానండీ" అని అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. మీకు దగ్గర్లో మగ్గాలు లేకపోతే గుమ్మంలో తెల్లపంచె కట్టుకుని కూర్చున్న తాతయ్య చాలు.

ఎండ నిలకడగా ఉన్నప్పుడు, అరుగు నీడలో, ఎపర్చర్ ఎఫ్5.6 దగ్గర కదపకుండా ఉంచి షట్టర్ ఒక్కటే మార్చండి: 1/1000 (మీ కెమెరాలో ఉంటే), 1/500, 1/250, 1/125. ఇవి వరుసగా 800, 400, 200, 100 అనుకుని తీసినట్టు. మనిషి, మీరు, వెలుగు – మూడూ కదలకూడదు. ఏ ఫ్రేము ఏదో వెంటనే నోటుబుక్కులో రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. మిగతా 32 మీ ఇష్టం, కానీ అన్నీ 400గానే తీయండి.

కడిగి ఆరాక నెగెటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకోండి. నెగెటివ్‌లో నీడ భాగం పల్చగా, అద్దంలా ఉంటుంది. అక్కడ నల్లటి జుట్టుకీ వెనక చీకటికీ తేడా ఏ ఫ్రేములో మొదటిసారి కనిపిస్తే, మీ చేతిలో ఆ రీలు వేగం అదే. తర్వాత అదే ఫ్రేమును దినపత్రిక మీద పెట్టండి. తెల్లబట్ట పడిన చోటు నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది. దాని కిందనున్న అక్షరాలు కష్టం మీదైనా చదవగలిగితే కడగడం సరిపోయినట్టు. అసలు కనపడకపోతే డెవలపర్లో ఎక్కువసేపు ఉంచేసినట్టు.

కెంట్‌మేర్‌తో 400 ఫ్రేములోనో 200 ఫ్రేములోనో జవాబు రావాలి. 100 ఫ్రేము దాకా రాలేదంటే కెమెరా షట్టర్ మీద అనుమానపడండి. పాత కెమెరాల్లో షట్టర్ వేగాలు సరిగ్గా పనిచేయకపోవడం మామూలే.

వచ్చే పాఠం కడగడం. రీలు తీసి సిద్ధంగా ఉంచుకోండి. ఒక థర్మామీటరు, చీకటి సంచి, మూతున్న డెవలపింగ్ ట్యాంకు, ఒక ట్రే ఐసుముక్కలు కావాలి. ప్యాకెట్ల మీద సమయాలన్నీ 20 డిగ్రీల నీళ్లకి రాస్తారు, మన కుళాయి నీళ్లు ఎండాకాలంలో 28 దాటుతాయి.