ఫైబర్‌కు మారాక ల్యాండ్‌లైన్ మూగబోతే

కడపలో మా ఇంటి ల్యాండ్‌లైన్‌ను రాగి తీగ నుంచి ఫైబర్‌కు మార్చిన తొలి వేసవిలో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అమ్మ రిసీవర్ చెవికి ఆనించుకుని, "ఫోన్లో సద్దే లేదు నాయనా" అంది. ఫైబర్‌కు మారిన ఇళ్లలో ముందుగా ఎదురయ్యే సమస్య ఇదే.

పాత పద్ధతిలో ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల విద్యుత్తు మాటతో పాటే రాగి తీగల వెంట ఇంటికి చేరేది కాబట్టి, వీధంతా కరెంటు పోయినా ఫోను పలికేది. ఫైబర్ అనే గాజు పోగులో వెలుతురే తప్ప విద్యుత్తు రాదు. ఆ వెలుతురును మాటగా మార్చే ఓఎన్‌టీ పెట్టె మన ఇంటి కరెంటు మీదే నడవాలి. అందువల్ల ఆ పెట్టె అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీకి (చాలావాటికి 12 వోల్టులు), ఆంపియర్లకు సరిపోయే మినీ యూపీఎస్ తప్పకుండా అమర్చుకోవాలి. కార్డ్‌లెస్ ఫోను బేస్‌కు కూడా కరెంటు కావాలి కనుక, తీగతో పనిచేసే మామూలు ఫోను ఒకటి ఉంచుకోవడం మేలు. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, ఒకసారి మీ సెల్‌కు ఫోన్ చేసి చూసుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఈ పరీక్షను ఎంతమాత్రం వాయిదా వేయకూడదు.

కరెంటు ఉన్నా శబ్దం రాకపోతే పెట్టె మీది దీపాలు చూడాలి. 'లాస్' (LOS) దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అందడం లేదని అర్థం; మా ఇంట్లో బీరువాను గోడకు జరిపినప్పుడు పోగు మడతపడటమే కారణమైంది. మడత విప్పినా ఎరుపు పోకపోతే లైన్‌మన్‌ను పిలవాలి. పోగు చివరను ఊడదీసి కంటితో చూడరాదు, అందులోని లేజర్ కంటికి కనబడదు. ఫైబర్ లైను కలిసిందని చూపే 'పాన్' (PON) దీపం నిలకడగా వెలుగుతూ ఫోను దీపం మాత్రం ఆరి ఉంటే, మీ నంబరు ఫోను కంపెనీ సర్వర్‌లో నమోదు కాలేదన్నమాట. పెట్టెను ఆపి, ఒక నిమిషం తర్వాత వేయండి, అప్పటికీ రాకపోతే ఏ దీపం ఎలా ఉందో ఫిర్యాదులో చెప్పండి.

గోడల్లోని పాత వైరింగును పెట్టె ఫోను పోర్టుకు కలిపే ముందు, బయటి రాగి లైనును పూర్తిగా విడదీయించాలి. అందులో ఇంకా విద్యుత్తు ఉంటే పోర్టు చెడిపోతుంది.

స్థానిక నంబరు కలవకపోతే మీ ఊరి ఎస్టీడీ కోడ్ (మా కడపకు 08562) చేర్చి చూడండి. సెల్ నంబర్లకు ముందు సున్నా నొక్కాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లన్నిటికీ ఉన్నదే.

మాట తెగితెగి వస్తుంటే, అదే సమయంలో ఇంట్లో ఎవరైనా పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నారేమో చూడండి. ఒక కాల్‌కు సెకనుకు వంద కిలోబిట్ల లోపే చాలు గాని, ఆ కొద్ది డేటా ఆలస్యం లేకుండా సాగాలి. రౌటర్ సెట్టింగుల్లో మాటకు ప్రాధాన్యం ఇస్తే కుదుటపడుతుంది.