మోడల్ రైల్వే పాయింట్లకి తక్కువ ఖర్చులో కంట్రోల్స్: ఏ మోటర్‌కి ఏ స్విచ్

లేఅవుట్ (పట్టాలు పరిచిన బోర్డు) మీద నాలుగైదు పాయింట్లు (రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే చోట్లు) పడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఏ స్విచ్ కొనాలి అని. ముందు చూడాల్సింది స్విచ్ కాదండీ, పాయింట్‌ని జరిపే మోటర్. ఒక రకం మోటర్‌కి కరెంటు ఒక్క దెబ్బ ఇచ్చి వెంటనే తీసెయ్యాలి, ఇంకో రకానికి కరెంటు ఎప్పుడూ ఉండాలి, మూడోదానికి కరెంటుతో పాటు సిగ్నల్ కూడా కావాలి. ఇది తేలితే స్విచ్ అదే తేలిపోతుంది. కంపెనీ వాళ్ళు అమ్మే స్విచ్చులు బాగానే ఉంటాయి కానీ మన దాకా వచ్చేసరికి షిప్పింగూ కస్టమ్సూ కలిసి వాచిపోతాయి, వాటి పని చేసే సరుకు మాత్రం కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో చవగ్గా దొరుకుతుంది.

అసలు చెయ్యి అందే పాయింట్లకి మోటరే వద్దు అంటాను నేను. ఆరు కాళ్ళ స్లైడ్ స్విచ్ ఒకటి బోర్డుకి బిగించి, దాని నాబ్‌కి చిన్న కన్నం పెట్టి, సన్నటి స్టీల్ తీగ ఒకటి పాయింట్ టై బార్‌కి (కదిలే రెండు పట్టాల్ని కలిపే అడ్డపట్టీ) తగిలిస్తే చాలు, స్విచ్ జరిపితే పాయింట్ జరుగుతుంది, అదే స్విచ్ లోపలి కాంటాక్టులు ఫ్రాగ్‌కి (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి ముక్క) పోలారిటీ, అంటే ప్లస్ మైనస్, మార్చేస్తాయి. హెచ్ఓ స్కేల్‌లో (అసలు రైలుకి 87వ వంతు సైజు) టై బార్ కదిలేది రెండు మూడు మిల్లీమీటర్లే, స్విచ్ నాబ్ అంతకంటే ఎక్కువ కదులుతుంది, అందుకని తీగ మధ్యలో వి ఆకారంలో ఒక వంపు పెట్టండి, మిగిలిన దూరాన్ని ఆ వంపు మింగేస్తుంది, లేకపోతే టై బార్ ఊడి చేతికొస్తుంది. యార్డులో సగం పాయింట్లు ఇలా కానిచ్చేస్తే మిగతా డబ్బు దూరంగా ఉన్నవాటి మీద పెట్టొచ్చు.

ఇప్పుడు సోలనాయిడ్లు, అంటే పీకో కంపెనీ పీఎల్-10 లాంటి రెండు కాయిల్స్ మోటర్లు. టక్‌మని కొడతాయి, ఆ ఒక్క క్షణం మూడు నాలుగు ఆంపుల దాకా లాగుతాయి, కరెంటు అలాగే ఉండిపోతే కాయిల్ కాలిపోతుంది. కాబట్టి మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ దీనికి పెట్టనే కూడదు, నొక్కి వదిలేస్తే వెనక్కి వచ్చే పుష్ బటన్లు పాయింట్‌కి రెండు చొప్పున కావాలి. చవగ్గా ఉన్నాయి కదా అని సర్క్యూట్ బోర్డుల మీద ఉండే బుల్లి టాక్టైల్ బటన్లు కొనకండి, అవి తట్టుకునేది సుమారు 50 మిల్లీఆంపులే, కాంటాక్టులు మాడిపోతాయి. ఎర్రవీ పచ్చవీ గుండ్రటి పుష్ బటన్లు వస్తాయి చూడండి, ఒక ఆంపో మూడు ఆంపులో రేటింగ్ ఉన్నవి, అవి తీసుకోండి. ఏమీ దొరక్కపోతే కాలింగ్ బెల్ స్విచ్ కూడా నడుస్తుంది, చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ.

దీనికి తోడు సీడీయూ, అంటే కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్, తప్పనిసరిగా పెట్టుకోండి, ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్ అడాప్టర్, 19 వోల్టులది. దాని ప్లస్ నుంచి 100 ఓమ్స్ 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్, అక్కణ్ణించి 4700 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్ ప్లస్‌కి, కెపాసిటర్ మైనస్ అడాప్టర్ మైనస్‌కి. బటన్లన్నిటికీ ప్లస్ ఈ కెపాసిటర్ నుంచే వెళ్ళాలి, కాయిల్స్ కామన్ వైరు మైనస్‌కి రావాలి. నొక్కగానే కెపాసిటర్‌లో నిండిన చార్జ్ ఒక్కసారిగా కాయిల్‌లోకి దూకుతుంది, ఆ తర్వాత పిల్లలెవరైనా బటన్ నొక్కిపట్టుకున్నా రెసిస్టర్ అడ్డం ఉంది కాబట్టి 0.2 ఆంపులు కూడా దాటదు, కాయిల్‌కి ఏం కాదు. మళ్ళీ నిండటానికి రెండు మూడు సెకన్లు ఆగాలి, అంతే. పాయింట్లు ఎన్ని ఉన్నా ఒకదాని తర్వాత ఒకటి కొట్టేటట్టయితే ఈ ఒక్కటే సరిపోతుంది.

ఎన్ స్కేల్‌లో (హెచ్ఓ కంటే చిన్న సైజు) కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టాలు వాడేవాళ్ళకి కథ వేరు, దానికి రెండే వైర్లు, పోలారిటీ తిరగేసి దెబ్బ కొట్టాలి. ఇక్కడో మంచి కిటుకు ఉంది. 12 వోల్టుల డీసీ అడాప్టర్, మూడు కాళ్ళ మామూలు టోగుల్ స్విచ్ ఒకటి, 2200 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి. టోగుల్ ఒక చివర ప్లస్‌కి, ఇంకో చివర మైనస్‌కి, మధ్య కాలు కెపాసిటర్ ప్లస్‌కి. కెపాసిటర్ మైనస్ పాయింట్ వైరు ఒకదానికి, రెండో వైరు అడాప్టర్ మైనస్‌కి. టోగుల్ పైకి వేస్తే కెపాసిటర్ నిండుతూ కాయిల్‌ని ఒకవైపు కొడుతుంది, కిందికి వేస్తే ఖాళీ అవుతూ రెండోవైపు కొడుతుంది, నిండాక కరెంటే పారదు కాబట్టి కాలే ప్రశ్నే లేదు. పైగా టోగుల్ చూస్తే పాయింట్ ఎటుందో తెలుస్తుంది. దెబ్బ చాలకపోతే 4700 పెట్టండి.

టార్టాయిస్ లాంటి నిదానం మోటర్లు మంచివే, చప్పుడు తక్కువ, ఫ్రాగ్‌కి కాంటాక్టులు లోపలే ఉంటాయి, కాకపోతే ఒక్కోటి అమెరికాలోనే 20 డాలర్ల పైన. ఆల్రెడీ ఉన్నవాళ్ళకి ఆరు కాళ్ళ టోగుల్ చాలు, చివరి కాళ్ళని ఎదురుబదురుగా క్రాస్ చేసి కలిపితే పోలారిటీ తిరుగుతుంది. కరెంటు ఎప్పుడూ ఉన్నా ఫర్వాలేదు, ఆగి ఉన్నప్పుడు లాగేది 15 మిల్లీఆంపులే, అందుకే ఎర్రదీ పచ్చదీ రెండు ఎల్ఈడీలు ఒకదానికొకటి తిరగేసి జత కట్టి మోటర్ వైరు మధ్యలో పెడితే విడిగా రెసిస్టర్ కూడా అక్కర్లేదు, ప్యానెల్ మీద ఇండికేటర్ ఉచితం!

కొత్తగా మొదలెట్టేవాళ్ళకి మాత్రం నా ఓటు సర్వోకే (సిగ్నల్ చెప్పిన కోణానికి తిరిగి ఆగే బుల్లి మోటర్). ఎస్‌జీ90 రకం సర్వో నూరు, నూటయాభై రూపాయల్లో వస్తుంది. ఒక ఆర్డ్యునో నానో (మనం కోడ్ రాసి ఎక్కించే బుల్లి కంట్రోలర్ బోర్డు) సర్వో లైబ్రరీ అనే రెడీమేడ్ కోడ్‌తో 12 సర్వోల దాకా నడుపుతుంది, స్విచ్చులు ఏ రకమైనా చాలు, వాటిలో పారేది సిగ్నలే కదా. ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. సర్వోల ప్లస్ నానో మీది 5 వోల్టుల పిన్ నుంచి తీసుకోవద్దు, 5 వోల్టులు 2 ఆంపుల ఫోన్ చార్జర్ విడిగా ఇవ్వండి, రెండింటి గ్రౌండ్లు మాత్రం కలపాలి, కలపకపోతే సర్వో పిచ్చిగా ఊగుతుంది. ఒకేసారి రెండు మూడు సర్వోలకి మించి కదపకుండా కోడ్‌లోనే వరస పెట్టండి, చార్జర్ అంతకంటే మొయ్యదు. కోడ్‌లో 20 మిల్లీసెకన్లకి ఒక డిగ్రీ చొప్పున కదిపితే నిజం పాయింట్ లాగా మెల్లగా జరుగుతుంది, చేరాక డిటాచ్ చేస్తే, అంటే సిగ్నల్ ఆపేస్తే, ఆ గీ... అనే రొద ఆగిపోతుంది. చివరి పొజిషన్ ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని నానో మెమరీ) దాచి, ఆన్ చెయ్యగానే కోడ్‌లో ముందు సర్వోకి అదే పొజిషన్ రాసి తర్వాత అటాచ్ చెయ్యండి, అంటే సిగ్నల్ మొదలెట్టండి. పాయింట్‌లో స్ప్రింగ్ ఉంటే తీసెయ్యాలి, ఫ్రాగ్‌కి కరెంటు మార్చడానికి సర్వో చెయ్యి తగిలేలా ఒక లిమిట్ స్విచ్ (ఏదైనా వచ్చి తగిలితే మారే బుల్లి స్విచ్) పెడితే సరి.

ఏది ఎంచుకున్నా ముందు ఒకే ఒక్క పాయింట్‌కి సామాన్లు తెచ్చి, చెక్క ముక్క మీద బిగించి, ఇంజన్ని అటూ ఇటూ ఓ పూట తిప్పి చూసి, ఆ తర్వాతే మిగతావాటికి కొనండి. వైర్లకి రెండు చివరలా పాయింట్ నంబర్ రాసిన టేపు అంటించడం మర్చిపోవద్దు, బోర్డు కింద పడుకుని పైకి చూస్తే అన్ని వైర్లూ ఒకేలా కనిపిస్తాయి.