పాలరాపు గుట్టపై రాబందులను చూడాలంటే ప్రయాణం ఎలా చేయాలి?

దసరా నాడు జమ్మికి పోతూ పాలపిట్ట కోసం ఊరి పొలిమేర దాకా నడవడం మనకు అలవాటే. అది కరెంటు తీగ మీదో, కంది చేను గట్టు మీదో కనిపిస్తుంది. రాబందు కోసం ఇప్పుడు ప్రాణహిత దాకా పోవాలి. 1990ల మొదట్లో ఉన్న పొడుగుముక్కు రాబందుల్లో 2007 నాటికి దేశంలో వందకు నాలుగు కూడా మిగల్లేదు. అలాంటిది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట మండలంలో, పెద్దవాగు ఒడ్డున నిలువుగా లేచిన పాలరాపు గుట్టపై వాటి గూళ్లు ఉన్నట్టు 2013లో తెలిసింది. ఈ ప్రయాణానికి కావలసింది ఒక రాత్రి బస, ఒక పొద్దు, ముఖ్యంగా ఓపిక.

నెల చూసుకోండి

ఇవి నవంబర్, డిసెంబర్‌లలో గుడ్డు పెడతాయి. గూటికి ఒక్కటే గుడ్డు. ఆడ, మగ వంతులేసుకుని దాదాపు 50 రోజులు పొదుగుతాయి. జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా గూళ్లలో పిల్లలుంటాయి కాబట్టి పెద్దవి మేతకెళ్లినా తప్పక తిరిగొస్తాయి. మీకు పనికొచ్చే రోజులవే. వానాకాలంలో వాగు పొంగి దారే ఉండదు. ఏప్రిల్ దాటితే ఎండకు రాయి కాలి, ఆవిరికి దృశ్యం అలలా కదులుతుంది. ఎంత ఖరీదైన దుర్బిణీ ఉన్నా ఏమీ కనపడదు.

ముందు అడగండి, తర్వాతే టికెట్

కాగజ్‌నగర్ అటవీ డివిజన్ ఆఫీసులో కనీసం వారం ముందు దరఖాస్తు ఇవ్వండి. వచ్చేవాళ్ల పేర్లు, బండి నంబరు, తేదీ అందులో ఉండాలి. అనుమతితో పాటు రెండు ప్రశ్నలు తప్పక అడగండి. ఈ నెల గుట్ట మీద పక్షులున్నాయా? అటువైపు పులి తిరుగుతోందా? మొదటిది ఎందుకంటే ఈ గుట్టపై పక్షుల సంఖ్య ఏ ఏడాదీ ఒకేలా ఉండదు. ప్రాణహిత దాటితే గడ్చిరోలి అడవులు, రాబందుకు నది ఒక హద్దు కాదు. రెండోది ఎందుకంటే పులుల అభయారణ్యాలైన కవ్వాల్‌కూ తాడోబాకూ మధ్య పులులు నడిచే దారి ఈ అడవే. పక్షిని చూస్తూ ఒక్కరే చెట్ల మధ్యకు పోవద్దు. ఫారెస్ట్ వాచర్ లేకుండా అసలు కదలొద్దు.

వరంగల్ లేదా కాజీపేటలో బల్లార్ష వైపు రైలెక్కి మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక సిర్పూర్ కాగజ్‌నగర్‌లో దిగండి. రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున బయల్దేరండి. నేలకు ఎత్తుగా ఉండే బండి మాట్లాడుకోండి. లోపల సిగ్నల్ నమ్మకం లేదు. ఆఫ్‌లైన్ మ్యాపు, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో భారత పక్షుల ప్యాక్ రైల్లోనే దించుకోండి. చలికాలంలో ఆ జిల్లాలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. స్వెటర్ మరవొద్దు. తెల్ల చొక్కా వద్దు. సంక్రాంతి సకినాలు కట్టుకుంటే గుడ్డ సంచిలో కట్టుకోండి, కవర్ చప్పుడు వాగు అవతలికి కూడా వినిపిస్తుంది.

దుర్బిణీ సరిచేసుకోవడం

8×42 బైనాక్యులర్ చాలు. 8 అంటే దూరాన్ని ఎనిమిదో వంతుకు దగ్గర చేస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఎక్కువ కనపడుతుందని 12 రెట్లది కొనేవాళ్లుంటారు. చేతి వణుకు కూడా పన్నెండు రెట్లవుతుందని తర్వాత తెలుస్తుంది.

కుడి అద్దం మూసి మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి స్పష్టంగా పెట్టండి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి చిన్న రింగు మాత్రమే తిప్పండి. ఆ రింగు ఇక కదపొద్దు. ఈ పని చేయకపోతే పది నిమిషాల్లో తలనొప్పి మొదలవుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి దించుకోవాలి. పక్షి కనపడగానే చూపు దాని మీద నుంచి తీయకుండా దుర్బిణీని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. తల దించి దుర్బిణీ చూసుకుని మళ్లీ వెతికితే పక్షి పోయినట్టే.

గూటిలో పిల్లను చూడాలంటే మాత్రం ముక్కాలి స్టాండు మీద 20–60 రెట్ల స్పాటింగ్ స్కోపు (చిన్న టెలిస్కోపు లాంటిది) కావాలి. బృందానికి ఒక్కటి చాలు.

గుట్టను చదవడం

కొత్తవాళ్లు పక్షి కోసం వెతికి అలసిపోతారు. రాతి రంగూ రాబందు వీపు రంగూ దాదాపు ఒకటే. ముందు రెట్ట చారలు వెతకండి. గోడకు సున్నం ఒలకబోసినట్టు తెల్లగా కిందికి కారి ఉంటాయి. చార ఎక్కడ మొదలైందో అక్కడికి పైకి చూడండి. అక్కడ అరుగు లాంటి చరియ ఉంటుంది. దాని మీద పుల్లల కుప్ప, దాని వెనక నల్లటి తల. చార అంచు పాల తెలుపులో మెరుస్తుంటే గూడు వాడకంలో ఉన్నట్టే. బూడిద రంగుకు తిరిగితే పాతది కావచ్చు.

తొమ్మిదింటి దాకా అవి చరియల మీదే ఉంటాయి. ఎండ తగలగానే ఒక్కొక్కటీ రెక్కలు విప్పి, వీపు సూర్యుడి వైపు తిప్పి, ఆరబెట్టిన గొంగడిలా కదలకుండా నిలబడుతుంది. స్కోపులో ఈకల అంచులు లెక్కపెట్టుకునేంత సమయం ఇస్తుంది. నేల వేడెక్కి గాలి పైకి లేచాక ఆ గాలి మీదే చుట్లు తిరుగుతూ వెళ్లిపోతాయి, రెక్క ఆడించడం అరుదు. పది దాటాక చేరినవాళ్లకు ఖాళీ గుట్టే మిగులుతుంది.

పోల్చుకోవడం

గద్దను చూసి రాబందు అనుకోవడం మామూలు పొరపాటు. తోక చూడండి. చీలినట్టుంటే గద్ద. రాబందు తోక పొట్టి, రెక్కల విప్పు రెండు మీటర్ల పైమాటే, చివరి ఈకలు వేళ్లలా విడిపోయి ఉంటాయి. నల్లని బోడి తల, సన్నగా పొడుగాటి ముక్కు, పాలిపోయిన గోధుమ రంగు ఒళ్లు ఉంటే పొడుగుముక్కు రాబందు. ఎగిరేటప్పుడు నడుము, రెక్కల అడుగు ముందు భాగం తెల్లగా కొట్టొచ్చినట్టుంటే తెల్లవీపు రాబందు. అది చెట్ల మీద గూడు కడుతుంది. పసుపు ముఖంతో చిన్నగా, తెల్లగా ఉంటే తెల్ల రాబందు. తేల్చుకోలేకపోతే ‘రాబందు’ అని మాత్రమే రాసుకోండి, పేరు అంటించొద్దు.

ఎంత దగ్గర?

వాచర్ చూపిన చోటు దాటొద్దు. గూట్లో పక్షి మెడ చాచి మీ వంకే చూస్తున్నా, లేచి నిలబడినా మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. వెనక్కి జరగండి. అది ఎగిరిపోతే పిల్ల ఎండకు దొరుకుతుంది, కాకులకూ దొరుకుతుంది. డ్రోన్ మాటే ఎత్తొద్దు. ఫోటో పెట్టేటప్పుడు ఫోనులో లొకేషన్ ఆపేయండి.

దారిలో ఊళ్లలో

ఈ పక్షిని చంపింది వేటగాడు కాదు, పశువులకు వేసిన నొప్పి మందు. డైక్లోఫెనాక్ ఇచ్చిన గొడ్డు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. పశువులకు దాన్ని 2006లో నిషేధించారు. మనుషుల పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు వాడొద్దన్నారు. మెలోక్సికామ్ రాబందులకు ప్రమాదం కాదు. టీ కొట్టు దగ్గర పశువుల పెద్దమనిషి ఎవరైనా కలిస్తే మెలోక్సికామ్ అనే ఈ ఒక్క మందు పేరు చెప్పి రండి, వింటారు.

రాసుకోవడం

చూసిన పక్షుల లెక్క రాసుకునే ఈబర్డ్ యాప్‌లో మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, కూర్చున్నవి ఎన్ని, ఎగిరినవి ఎన్ని, పిల్లలున్న గూళ్లు ఎన్ని అని విడివిడిగా రాయండి. ఎగిరే పక్షిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టడం జరుగుతుంది కాబట్టి ఒకేసారి కళ్ల ముందున్న గరిష్ఠ సంఖ్యే వేయండి. మూడు గంటలు కూర్చున్నా ఒక్కటీ కనపడకపోతే మిగతా పక్షులన్నీ పూర్తి జాబితాగా వేసి, ‘రాబందులు లేవు’ అని వ్యాఖ్యలో రాయండి. అదే ముక్క డివిజన్ ఆఫీసులో కూడా చెప్పండి.