ఫాంటసీ రాద్దాం – 4వ పాఠం: హీరో సొంతూరు

పోయిన పాఠంలో మ్యాప్ గీసి కొండలూ కోటలూ పెట్టుకున్నాం. ఈసారి పని ఆ మ్యాప్‌లో అన్నిటికంటే చిన్న చుక్క మీద.

మన జానపద సినిమాల్లో హీరో చాలాసార్లు రాజకుమారుడే. ఎందుకు పోరాడుతున్నాడని ఎవరూ అడగరు. రాజ్యం అతనిది! మామూలు మనిషిని హీరోని చేస్తే మాత్రం ఆ ప్రశ్నకి జవాబు మీరే రాయాలి. ఆ జవాబే అతని ఊరు.

నమూనాగా టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' (1954–55)లో హాబిట్లనే పొట్టి మనుషులుండే పల్లెసీమ షైర్‌ని తీసుకుందాం. పచ్చటి పొలాలు, గుండ్రటి తలుపులు అందరికీ గుర్తుంటాయి. మనం చూడాల్సింది అవి కాదు. షైర్ మేయర్‌కి ముఖ్యమైన పని విందుల్లో పెద్దగా కూర్చోవడం. కాపలావాళ్ళు మొత్తం పన్నెండుమంది, వాళ్ళకి మనుషుల కంటే తప్పిపోయిన పశువులతోనే పని ఎక్కువ. ఇక బంధువుల సంగతి. టోల్కీన్ అంతకుముందు రాసిన 'ద హాబిట్' చివర్లో హీరో బిల్బో ప్రయాణం ముగించి ఇంటికొచ్చేసరికి, చచ్చిపోయాడనుకుని అతని సామాన్లు వేలం వేస్తుంటారు! వెండి చెంచాలు కొన్ని మళ్ళీ దొరకనే లేదు. ఎవరు నొక్కేశారో బిల్బోకి అనుమానం ఉంది, పాఠకుడికీ ఉంటుంది.

ఊరిని పొగిడితే పాఠకుడు తలూపి ముందుకెళ్ళిపోతాడు. చెంచాలు పోయిన ఊరైతే అతనికి తెలిసిన ఊరే అనిపిస్తుంది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' హీరో ఫ్రోడో కూడా మాయ ఉంగరంతో ఊరొదిలి బయల్దేరే ముందు ఊరివాళ్ళని మెచ్చుకోడు. వీళ్ళ మొద్దుతనం చూస్తే ఏ భూకంపమో, డ్రాగన్ల దండో వస్తేనే బాగుపడతారని ఒక్కోసారి అనిపించిందంటాడు. అయినా ఈ ఊరు ఇలాగే ఉంటే చాలు, తను ఎక్కడ తిరిగినా తట్టుకోగలనంటాడు. నా లెక్కలో పుస్తకం మొత్తానికి ఇరుసు ఆ మాటే.

ఊరు చిన్నదైతే కథకి ఇంకో లాభం ఉంది. శత్రువు దేశం మోర్డోర్ సరిహద్దులో ఆ ఉంగరం ఫ్రోడోకి తోడొచ్చిన సామ్ చేతికొచ్చినప్పుడు అతనికి పెద్ద ఆశ చూపిస్తుంది: సైన్యాలు నడిపిస్తావు, ఈ బూడిద నేలంతా తోట చేస్తావు అని. సామ్ తోటమాలి. ఒక మనిషి తన చేతులతో చూసుకోగలిగిన తోట ఎంతో అతనికి బాగా తెలుసు. ఫ్రోడో మీద ప్రేమతో పాటు ఆ కొలత కూడా అతన్ని కాపాడింది. మీ హీరోకి కూడా ఊరు ఇలాంటి కొలత ఒకటి ఇచ్చి పంపాలి. కత్తి తర్వాత చూసుకుందాం.

ఇంకొకటి: ఊరికి దెబ్బ తగలాలి. ఉంగరం నాశనమయ్యాక హాబిట్లు తిరిగొచ్చేసరికి షైర్‌లో చెట్లు నరికేసి ఉంటాయి, నీటిమర కాలువని పాడుచేస్తుంటుంది, పెత్తనమంతా రౌడీలది. ఇది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఇంగ్లండేనా అంటే టోల్కీన్ ఒప్పుకోలేదు. కానీ చిన్నప్పుడు తను పెరిగిన పల్లె పరిసరాలు తనకి పదేళ్ళు నిండకముందే పాడైపోతూ వచ్చాయని ముందుమాటలో రాశాడు. బర్మింగ్‌హామ్ పక్కన సేర్‌హోల్ మర దగ్గర గడిచిన బాల్యం అది. 2003లో వచ్చిన సినిమా ఈ ఘట్టాన్ని వదిలేసింది. నిడివి కోసమైతే అర్థం చేసుకోవచ్చు. కానీ అందులో ఊరు చెక్కుచెదరకుండా వీళ్ళ కోసం ఎదురుచూస్తుంటుంది, పుస్తకంలో వీళ్ళే దాన్ని మళ్ళీ గెలుచుకోవాలి. రాసేవాళ్ళకి రెండోదే పనికొస్తుంది.

ఇప్పుడు అభ్యాసం. మీ హీరో ఊరి గురించి ఒక పేజీ రాయండి. 'ప్రశాంతమైన', 'అందమైన', 'అమాయకమైన' నిషేధం. ఏళ్ళ తరబడి తెగని తగాదా ఒకటి, హీరో అంటే గిట్టని మనిషి ఒకరు, ఎవరికీ పనికిరాకపోయినా ఎవరూ పారేయని వస్తువు ఒకటి ఉండాలి. రాశాక అదే పేజీని ఏడాది తర్వాతి కాలానికి మార్చి రాయండి. ఒక్కటే పోవాలి: చెట్టో, బావో, మనిషో. ఏది తీసేస్తే రాయడానికి చెయ్యి ఆడలేదో పక్కన గుర్తు పెట్టుకోండి, 5వ పాఠంలో హీరోని ఊరు దాటించేటప్పుడు దానితో పనుంది.